అమావాస్య పోయినాక ఎగిరే ఫ్యూజు

ఈ మధ్య కరెంటు కొలిచే మీటరు చేతికి తీసుకుంటేనే ఒళ్లు బరువెక్కుతోంది. మనిషి అబద్ధం చెబితే మొహం చూసి పట్టేస్తాను. మీటరుకు మొహం లేదు. అది నిజమే చెబుతుంది గానీ, అడిగిన కాడికే చెబుతుంది.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద బండ్లకు లైట్లు, హారన్లు, వైరింగు చూసే అంగడి నాది. ఏడో తరగతిలోనే బడికీ నాకూ కనెక్షన్ తెగిపోయింది. మళ్లీ కలపాలని మా అయ్యవారు కూడా ముచ్చట పడలేదు. అప్పటినుంచి ఇదే పని. నడుము పట్టేసింది, కళ్లు మసకబారాయి, నోటికి మాత్రం ఇంకా చార్జింగు దిగలేదు.

ఆ నోటిని కూడా మూయించిన బండి ఒకటుంది. పులివెందుల పక్క పల్లెటూరాయన మినీ లారీ. తోటల్లో చీనీకాయలు, అదే బత్తాయిలు, ఎక్కించుకుని చీకటితోనే బయలుదేరి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకూ మా ఊరికీ తెచ్చి పండ్ల అంగళ్లకు దించేవాడు. సగం వయసు ఇంకొకరి లారీలు తోలి, చివరికి సొంతానికి కొనుక్కున్న బండి. అందులో హెడ్‌లైట్ల ఫ్యూజు పోయేది. అదీ ఎప్పుడూ దారిలోనే, నా అంగడి ముందు మాత్రం ఒక్కసారీ పోలేదు.

వచ్చిన ప్రతిసారీ అదే తంతు. రెండు బల్బులూ కలిసి తొమ్మిది యాంపులు లాగాలి, మీటరు తొమ్మిదే చూపించేది. అక్కడుండేది పదిహేను యాంపుల ఫ్యూజు. స్విచ్చి వేసిన క్షణం అంకె పైకెగిరి, వెంటనే దిగేది. బల్బు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ లాగుతుంది, అది ఏ బండికైనా మామూలే. అయినా నాకు అనుమానం తీరక బల్బులు మార్చాను, స్విచ్చి మార్చాను, రిలే మార్చాను. ఇక మార్చడానికి మిగిలింది డ్రైవరే అన్నాను. ఆయన నవ్వలేదు. అంతకు ముందైతే నా మాటలకు పడి పడి నవ్వే మనిషి.

అమావాస్య పోయినాక వారం రోజులు బాధ ఎక్కువగా ఉంటోందని ఒకసారి చెప్పాడు. కరెంటు పంచాంగం చూసుకుని పారదు మామా అన్నాను. దిష్టి అని ఆయన నమ్మకం. కొత్త బండి, ఊరి కళ్లన్నీ దాని మీదే. అందుకని ఇంటామె బంపరుకు కట్టే నిమ్మకాయల్ని రెట్టింపు చేసిందట. ఫ్యూజులు కూడా రెట్టింపుగా పోసాగాయి.

తర్వాత ఒక పొద్దున వచ్చి, బండి దిగకుండానే మాట్లాడాడు. రెండు రోజుల కింద ముద్దనూరు దాటినాక మలుపులో లైట్లు రెండూ ఆరిపోయాయట. నిండు లోడు. బ్రేకు మీద నిలబడితే బండి రోడ్డు పక్క మోరీ గోడకు ఆనుకుని ఆగింది. ఇంటామెకు చెప్పకుండా ఉండలేకపోయాడు, ఆమె అన్నం ముట్టడం మానేసింది.

"ఇంగొక్కసారి ఆరితే బండి అమ్మేస్తానప్పా. మల్లా ఎవురిదో ఒగ లారీ తోలుకుంటా," అన్నాడు. ఫ్యూజుల డబ్బా చూపిస్తూ, "పెద్ద ఫ్యూజు ఎయ్యరాదా? కాలిపోకుండా ఉంటాది," అన్నాడు.

"ఫ్యూజు కాలకపోతే వైరు కాలతాది మామా. నీ చీనీకాయలు ఈడికి వచ్చేలోపల జ్యూసు అయితాయి."

ఈసారి కూడా నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఎంతోమంది బండ్లు అమ్ముకోవడం చూశాను. అమ్ముకున్నవాళ్లు మా అంగడి ముందునుంచి పోయేటప్పుడు ఇటు తల తిప్పరు.

మా పనిలో ఒక పద్ధతుంది. ఒకరి దిష్టి ఇంకొకరు ముట్టుకోరు. ముందు వైపు పని ఉంటే, బంపరుకు వేలాడే నిమ్మకాయల, మిరపకాయల దండను సొంతదారే విప్పి క్యాబిన్‌లో పెట్టుకుంటాడు, పని అయినాక తనే కట్టుకుంటాడు. ఆయనా ప్రతిసారీ అట్లే చేసేవాడు. ఆ పొద్దున మాత్రం ఆ కట్టు విప్పలేకపోయాడు. ఇంటామె భయంతో బిగించి మెలితిప్పి ఉంది. ఉండనీలే అని వదిలేసి టీకి పోయాడు.

నేను వైరుకు మీటరు తగిలించి లైట్లు వేశాను. తొమ్మిది. ఎప్పటి తొమ్మిదే. విసుగొచ్చి లేవబోతూ, నడుము సహకరించక బంపరు మీద చెయ్యేసి బరువంతా మోపాను. బండి ఊగింది, నిమ్మకాయలు ఊగాయి, అంకె ఒక్కసారి ముప్పై దాటి సున్నాకు పడింది. లైట్లు ఆరిపోయాయి.

దండ గుచ్చింది దారానికి కాదు. గాలికి దారం తెగిపోతోందని, ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన ఇనుప కట్టుకంబికి గుచ్చారు. ఆ కంబి కొన బండి ముందు జాలీలోంచి లోపలికి దూరి హెడ్‌లైటు వైరు కింద ఆనుకుంది. దండ ఊగినప్పుడల్లా రంపం మాదిరి పైతోలు కోస్తూ వచ్చింది. లోపలి రాగి తగిలితే కరెంటు కంబిలోంచి బంపరుకు, బంపరు నుంచి బాడీకి. ఇక ఫ్యూజు ఉంటుందా? కొత్త దండ కట్టేది ప్రతి అమావాస్యకు. కాయలు తాజాగా బరువుగా ఉన్నన్నాళ్లు ఊపు ఎక్కువ, ఎండిపోతే తక్కువ. అమావాస్య లెక్క అదీ. కోత అడుగు వైపు, గోటి గీత మాదిరి, దుమ్ములో కలిసిపోయింది. నేను చూసినప్పుడల్లా దండ క్యాబిన్‌లో ఉండేది.

ఆయన టీ తాగి వచ్చేసరికి ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఎవరినైనా ఏమైనా అనేసే నోరు నాది, ఆ రోజు మాటలు వెతుక్కుంది. పిలిచి, కంబి కొన చూపించి, బండిని ఊపి చూపించాను. ఆయన బంపరు ముందు గొంతుకు కూర్చుని, తన చేత్తోనే, వైర్లు తెంచే నా పక్కడుతో కంబి తెంచాడు.

"ఆయమ్మకు యాడ చెప్పేది దీన్ని," అన్నాడు. "నా కోసరమే కట్టినాది."

"కంబి మందం ఎక్కువైందని చెప్పు మామా. ఆమె తప్పేం ల్యాదు."

వైరు మార్చి, జాలీకి దూరంగా కట్టి పంపించాను. తర్వాత అమావాస్య వచ్చింది, పోయింది. నేను రోజూ రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు గానీ.

ఒక పొద్దున ఆ బండే వచ్చి ఆగింది. బంపరుకు కొత్త దండ, నైలాను దారంతో. దిగకుండానే కిటికీలోంచి అంగడి ముందు కూర్చున్న నా ఒళ్లో ఇన్ని చీనీకాయలు పోశాడు. దారానికి కడితే దిష్టి పోతాదా అని ఇంటామె కనుక్కు రమ్మందట.

"నాకు బ్యాటరీ పన్నెండు ఓల్టుల దాకానే తెలుసు మామా. ఆ పైది ఆమెనే చూసుకోమను."

ఈసారి నవ్వాడు. పట్టపగలే లైట్లు రెండూ వేసుకుని పులివెందుల దారి పట్టాడు. నేను కాసేపు అట్లే కూర్చున్నాను. లేస్తే నడుము నొప్పి.