ఖాలా సూదులు, మా చుక్క

మొన్న శుక్రవారం పొద్దున మా ఎదుటి గది ఖాలా పోయింది. నేను కింద నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే, చూడటానికి వచ్చి రెండు రోజులుగా ఉంటున్న ఆమె కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మీ లేస్తలేదక్కా" అంది. బిందె అక్కడే దించి లోపలికి వెళ్లాను. ఖాలా గోడవైపు తిరిగి పడుకున్నట్టే ఉంది. ఆ గదిలో నేను అడుగుపెట్టి ఏడాదిన్నర దాటింది. ఎదురెదురు తలుపులు, మధ్యలో నాలుగడుగుల వరండా. అయినా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పకుండా ఆమె గురించి రాస్తే అది ఆమెకు అన్యాయమే.

రాష్ట్రాలు కలిసిన ఏడాది మా ఆయనకు ఇక్కడి ఆఫీసులో పని దొరికితే, దబీర్‌పురా స్టేషను వెనక సందులో, పై అంతస్తులో ఒకటిన్నర గది తీసుకున్నాం. ఎదుటి గదిలో ఖాలా ఒక్కతే ఉండేది. ఖాలా అంటే పిన్ని అట, సందులో అందరూ అలాగే పిలిచేవారు. పెళ్లి బట్టల మీద జరీ పని చేసేది. గదిలో సగం చోటు ఆమె చెక్క చట్రానికే పోయేది. దాని మీద గుడ్డ బిగించి, వంగి కూర్చుని పొద్దంతా కుట్టేది. మా ఆయన తొమ్మిదింటికి పోతే మళ్లీ ఆరింటికే రావడం. పెళ్లయి ఆరేళ్లయినా నాకు పిల్లలు లేరు. మాట్లాడే దిక్కు లేక గోడలు చూస్తూ కూర్చునేదాన్ని.

మరుసటి వానాకాలం మెట్ల కింద తడిసి ముద్దయిన పిల్లికూన దొరికింది. నల్లని ఒళ్లు, నుదుట తెల్లని మచ్చ. చుక్క అని పేరు పెట్టాను. రెండో రోజే అది కిటికీ అంచు మీదికెక్కింది. కింద సందు, టాంగాలు, కుక్కలు. నేను కేక వేయబోతే వెనక నుంచి ఒక చేయి నా నోరు మూసింది.

"ఒర్లకు బేటీ. బెదిరి దుంకుతది" అంది ఖాలా. తన ఓణీ కొంగు ముడేసి నేల మీద మెల్లగా జరిపింది. కూన దిగి ఆ ముడి మీద పడింది. "మూడు అంతరాల బంగ్ల అయితే ఏంది, చిన్న అర్ర అయితే ఏంది, మొదలు కిటికీకి జాలీ. పేరు తర్వాత పెట్టుకోవచ్చు."

ఆ సాయంత్రమే ఇనుప జాలీ తెచ్చి తనే మేకులు కొట్టింది. పిల్లి దొడ్డికి మూలన పాత ఇనుప తసలలో ఇసుక పోయించి, పైన పొయ్యి బూడిద చల్లించింది. గుమ్మం చెక్కకు గోనెపట్టా చుట్టి, గోళ్లు అక్కడ గీరుకోనిమ్మంది. కిటికీ పక్కన ఎత్తుగా ఒక చెక్క బిగించింది. "నేల తక్కువుంటే గోడ లేదా? పిల్లికి మీదికి పోయే జాగ ఇయ్యాలె. సందుల ఎవరొస్తున్నరు, ఎవరు పోతున్నరు చూసుకుంట ఖుషీగ కూసుంటది" అంది. బువ్వ పెట్టే ముందు కాసేపు ఆడించాలనీ, అలిసి తిన్న పిల్లి లొల్లి చేయదనీ చెప్పింది.

అన్నీ మంచి మాటలే. విన్నాను, చేశాను, లోపల కుతకుతలాడాను. పిల్లి నాది, తెలివంతా ఆమెదా?

చుక్క పెద్దదవుతున్న కొద్దీ ఆమె గదికి అలవాటు పడింది. ఖాలా దాన్ని మున్నీ అనేది. నేను చుక్కా చుక్కా అని పదిసార్లు పిలిస్తే చెవి కదిపేది. ఆమె మెల్లగా మున్నీ అంటే లేచి ఉరికేది. ఆరింటికి పని ఆపి ఖాలా సూదులు లెక్కపెట్టేది. పన్నెండు సూదులు. ఏక్, దో, తీన్ అంటూ ఒక్కొక్కటే ఎర్ర మఖ్మల్ దిండుకు గుచ్చేది. తెగిన దారపు ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసి మూత బిగించేది. అంతవరకూ మున్నీ అటక మీంచి దిగకూడదు. పన్నెండో సూదికి బారా అనగానే దుమికి ఆమె ఒళ్లో పడేది. ఎన్నడో ఆమె పెంచిన పిల్లి ఒకటి సూది మింగి చచ్చిపోయిందట. తర్వాత మళ్లీ పెంచలేదు. నా చుక్క వచ్చేదాకా.

ఆ బారా అన్న మాట వినపడితే నాకు ఒళ్లు మండేది. ఆరు కాకముందే తలుపు వేసి గడియ పెట్టేదాన్ని. చుక్క గడప దగ్గర కూర్చుని గీరేది. పాలు పోసినా ముట్టేది కాదు. మా ఆయన నవ్వి, "సవతి మీద కూడ ఇంత కుళ్లు ఉండదేమో" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం రవికె కుడుతున్నాను. ఆకుపచ్చ దారం రీలు జారి దొర్లితే చుక్క కళ్లు ఇంతలేసి చేసుకుని వెంటపడింది. ఖాలా గదిలో దారం తాకనివ్వదు కదా. ఆమె ఇవ్వనిది నేనిస్తే నా దగ్గరే ఉంటుందనిపించింది. మూరెడు దారం తెంపి ఆడించాను. ఎంత ఆడిందో, ఎంత నవ్వానో. పొయ్యి మీద పప్పు పొంగితే లేచి వెళ్లాను. వచ్చేసరికి దారం లోపలికి పోయింది. నోటి పక్కన బెత్తెడు కొస వేలాడుతోంది. పిల్లి కక్కలేక మింగలేక మెడ సాచి దగ్గుతోంది. కొస పట్టుకుని లాగబోయాను.

"లాగకు" అని ఖాలా నా మణికట్టు పట్టుకుంది. ఆ దగ్గు విని చట్రం దగ్గర నుంచి లేచి వచ్చినట్టుంది. "లాగితే లోపల పేగు కోసుకపోతది." కత్తెరతో నోటి దగ్గర కొస కత్తిరించింది. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని ఒక క్షణం చూసి గుప్పిట మూసింది. నన్నేమీ అడగలేదు. బుట్టలో పిల్లిని పెట్టి, బురఖా వేసుకుని, నన్ను రిక్షా ఎక్కించి పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, కక్కినా, తిండి మానేసినా వెంటనే తెమ్మన్నాడు. లేదంటే తనంతట అదే పడిపోవచ్చన్నాడు.

రెండు రోజులు ఖాలా చట్రం ముట్టలేదు. మా ఇంట్లో నేల మీద కూర్చుని పిల్లినే చూసింది. మూడో రోజు పొద్దున తసలలో ఇసుక కెలికి, "షుకర్ హై, పడ్డది" అంది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. "తప్పు నాదే బేటీ. దారాల ఇల్లు నాది. ఎక్కడ్నో ఇడిసిపెట్టి ఉంట. ఇగ మున్నీని నా దిక్కు రానియ్యకు. నీ దగ్గర్నే ఉంచుకో."

నా తప్పని ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. "సరే ఖాలా" అన్నాను. మీతో దాపరికమెందుకు, ఆ పూట నాకు పండగలాగే ఉంది. పిల్లి నాదయింది.

చుక్క వారం రోజులు ఆమె తలుపు ముందు కూర్చుని ఏడ్చింది. ఖాలా తీయలేదు. లోపల గాజుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగేది, మళ్లీ వెనక్కి పోయేది. నేను నా గుమ్మంలో నిలబడి వినేదాన్ని. ఆ రోజు నుంచి ఆమె సూదులు లెక్కపెట్టడం కూడా వినపడలేదు. మనసులో లెక్కపెట్టుకునేదేమో. మెట్ల మీద ఎదురైతే, "మున్నీ మంచిగుందా?" అని మాత్రం అడిగేది. నేను తల ఊపి దాటిపోయేదాన్ని.

నిన్న ఆమె కూతురు సామాను సర్దుతుంటే సాయానికి వెళ్లాను. దారాల డబ్బా నా చేతికిచ్చింది. జరీకి కింద వేసే పసుపు పట్టుదారం, తెల్లదారం. అంతే.

"వేరే రంగులు లేవా?" అని అడిగాను.

"అమ్మీ పనికి ఈ రెండే అక్కా. ముప్పయ్యేండ్ల సంది ఇదే పని. ఇంట్ల వేరే రంగు నేనైతే చూడలే" అంది ఆ పిల్ల.

ముప్పయ్యేళ్లు దారంతో బతికిన మనిషికి అరచేతిలోని ఆకుపచ్చ ముక్క ఎవరిదో తెలియదా? తెలిసే తప్పు మీద వేసుకుంది. పగలంతా నేను గోడలు చూడటం ఎదుటి గదిలోంచి ఆమెకు కనపడుతూనే ఉండేది కదా. తనకున్న ఒక్క పిల్లినీ నాకు వదిలి తలుపు వేసుకుంది. అంత మంచి మనసు ఆమెకెందుకుండాలి, నాకెందుకు లేకపోయింది అని ఇప్పుడు దాని మీదా కుళ్లే. ఇది నాలోంచి పోయేది కాదు.

సూదుల దిండు నన్ను ఉంచుకోమంది కూతురు. ఇవాళ ఆరింటికి సూదులన్నీ తీసి ఒక్కొక్కటే గుచ్చాను. ఏక్, దో, తీన్. చెక్క మీద నిద్రపోతున్న చుక్క తల ఎత్తింది. పదకొండుకు లేచి నిలబడింది. బారా అనగానే దుమికింది. నా ఒళ్లోకి కాదు. నన్ను దాటి, వరండా దాటి, తాళం వేసిన ఆ తలుపు ముందు కూర్చుంది.

నేను పిలవలేదు. నా తలుపు వేయలేదు.