పద్నాలుగో నంబరు ఐదో ఫౌల్

పగలంతా కుట్టుమిషను, సాయంత్రం క్లబ్బులో బాస్కెట్‌బాల్ స్కోరు పుస్తకం. ఇరవై ఏళ్లుగా నా బతుకింతే. ఒకసారి జాతీయ జట్టు ఎంపిక మ్యాచ్‌లో నాలుగో నంబరు అమ్మాయి చేసిన ఫౌల్‌ను పద్నాలుగో నంబరు వరుసలో రాశాను. పద్నాలుగో నంబరు అమ్మాయికది ఐదోది. ఐదైతే ఆట నుంచి బయటికే.

"నేను ముట్టుకోనేలేదు బాబాయ్!" అంది.

"నా పుస్తకంలో తప్పుండదు, వెళ్లి కూర్చో!" అని కసిరాను, పెద్ద మొనగాణ్ణి కదా.

ఆమె ఎంపిక కాలేదు. మ్యాచ్ అయ్యాక సరిచూస్తుంటే తప్పు కనిపించింది. ఎవరికీ చెప్పకుండా పుస్తకం మూసేశాను.

ఇప్పుడామె మా క్లబ్బు కోచ్. నిన్న ఫౌల్ లెక్క మీద గొడవపడుతున్న పిల్లల్ని గదమాయించింది: "బాబాయ్ రాశారంటే రాసినట్టే! ఆయన తప్పు రాయరు."

కింద ఏమీ పడలేదు. అయినా బల్ల కిందికి దూరి వెతికాను.