చుక్క చుక్కనూ ప్రశ్నించిన మా భాగ్యలక్ష్మి వదిన

మా అన్న ఫోన్ చేసి "సరోజా, మీ వదిన పోయింది" అన్నప్పుడు నేను "ఎక్కడికి?" అని అడిగాను. ఆసుపత్రి మంచం మీద ప్రాణవాయువు గొట్టంతో ఉన్న మనిషి ఎక్కడికి పోతుంది! అయినా నా నోట ఆ మాటే వచ్చింది. అవతల అన్న ఫోన్ పెట్టేశాడు. అప్పుడు అర్థమైంది. ఈ వేసవిలో సూరత్‌లో చావు కబురు వినని ఇల్లు లేదు. వినీ వినీ నా చెవులు మొద్దుబారిపోయాయనే అనుకున్నాను. ఆ ఒక్క కబురు మాత్రం సూటిగా లోపలికి దిగింది.

వదిన సిరిసిల్ల పిల్ల. పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చింది. మా అన్న ఇక్కడ గుడ్డలకు రంగులు వేసే ఒక ప్రాసెసింగ్ మిల్లులో రంగుల మాస్టర్. నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. ఆల్థాన్‌లో ఒకే అపార్ట్‌మెంటులో మా రెండు కాపురాలూ ఉన్నాయి. డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతూ చదువుతూ మధ్యలోనే పసుపు తాడు కట్టించుకున్న వదిన, ఆగిపోయిన ఆ చదువును మా డాబా మీద కుండీల్లో మళ్ళీ మొదలుపెట్టింది. గోంగూర, బచ్చలి, బీర, మల్లె, కలబంద. చూసినవాళ్ళు దాన్ని తోట అన్నారు. ఆమెకది ప్రయోగశాల. డాబా పోతే ఆమెకు ఈ ఊళ్ళో తనదనే చోటు ఇంకొకటి లేదు. ఈ సంగతి తెలియనివాళ్ళకు ఆమె పడిన తాపత్రయం పిచ్చిగా కనబడుతుంది.

'జిజ్ఞాస' అనే మాటకు 'తెలుసుకోవాలనే కోరిక' అని ఉద్యోగమంతా నల్లబల్ల మీద రాశాను. ఆ పదం నడిచి మా ఇంటికి వస్తే ఎట్లా ఉంటుందో వదినను చూసే నేర్చుకున్నాను. భోజనానికి పిలిస్తే పప్పు బాగుందని మెచ్చుకునేది కాదు. "పప్పు గింత మెత్తగ ఎట్లైంది సరోజా? ఏం జేసినవ్?" అని ఆరా తీసేది. "నువ్వు పోలీసుల్ల ఉండవలసినదానివి వదినా" అని ఎగతాళి చేసేదాన్ని. "పోలీసోల్లు తప్పు జేసినోన్ని అడుగుతరు. నేను ఊకెనే అడుగుత" అనేది. నాకు ఒళ్ళు మండేది. వంట చేసిన మనిషికి ఒక మెప్పు మాట కావాలి గానీ విచారణ ఎందుకు?

నిరుడు మొదటి లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు ఆపద ముంచుకొచ్చింది. డాబా కింది ఫ్లాటులో ఉండే గుజరాతీ ఇల్లాలు హంసాబెన్ మూతికి చున్నీ చుట్టుకుని పైకొచ్చి, "భాగ్యాబెన్, మేరీ ఛత్ దేఖో!" అని గోల పెట్టింది. పోయి చూస్తే వాళ్ళ పడకగది పైకప్పున చేటంత తడి మరక. పెచ్చులూడుతున్నాయి. రోజూ రబ్బరు గొట్టంతో డాబా మీద నీళ్ళు పారించేది వదిన ఒక్కతే కాబట్టి నేరం ఎవరిదో అపార్ట్‌మెంటు సొసైటీ వాళ్ళు క్షణంలో తేల్చేశారు. కుండీలు దించెయ్యాలన్నారు. వదిన ముఖం పాలిపోయింది. నేనైతే యుద్ధానికి సిద్ధమయ్యాను. "డాబా మీద ట్యాంకు పొంగి కారుతున్నది గదా, అది మీకు కనబడదా?" అని కొంగు బిగించాను. వదిన నా చేయి పట్టుకుని ఆపింది. "జర ఆగు. మన నీళ్ళేనేమో! ఎట్ల తెల్సుకోవాలె?" అన్నది.

ఆ తరువాత ఆమె చేసిన పని రంగుల మాస్టరు పెళ్ళాం తప్ప ఇంకెవరూ చెయ్యరు. మిల్లు మూతపడి అన్న ఇంట్లోనే ఉన్నాడు. ఆయన దాచుకున్న శాంపిల్ పొట్లాల్లోంచి రెండు రంగులు ఇమ్మన్నది. "పాలిస్టర్ రంగు నీళ్ళల్ల కరగది, నైలాన్‌ది తీస్కపో" అని ఆయన కూడా ఉత్సాహపడ్డాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ డాబా ఎక్కి ట్యాంకు పొంగి పారే చోట ఎరుపు, కుండీల వరుస కింద నీలం కలిపిన నీళ్ళు పోశారు. కప్పు మీద ఏ రంగు తేలితే ఆ నీళ్ళదే తప్పు. ఎరుపే రావాలని నేను ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

నీలం వచ్చింది. హంసాబెన్ కప్పు మీద నీలిమందు ఒలికినట్టు మరక దిగింది. ఇంకొకరైతే తలుపు గడియ పెట్టుకుని కూర్చునేవారు. మా వదిన ఏం చేసిందనుకున్నారు? గబగబా మెట్లు దిగి, హంసాబెన్ గడపలో నిలబడి, పరీక్షలో మొదటి తరగతి వచ్చిన పిల్లలాగా "హమారా హీ పానీ హై హంసాబెన్! హమారా హీ హై!" అని చెప్పింది. నేను మెట్ల మీద తల పట్టుకున్నాను. "నీ కొంప నువ్వే ముంచుకున్నవు గదా వదినా!" అంటే, "మునిగితె మునుగనీ, తెలిసింది గదా" అన్నది. ఆ సాయంత్రం మాత్రం మల్లె కుండీ పక్కన కూర్చుని ఏడ్చింది. తెలిసినందుకు సంతోషమూ, పోగొట్టుకుంటానేమోనన్న దుఃఖమూ ఆమెలో ఒకేసారి ఇమిడేవి.

తప్పు తానే ఒప్పుకున్న మనిషిని ఎంత గట్టిగా అడగగలరు? హంసాబెనే సొసైటీ వాళ్ళతో మాట్లాడి గడువు ఇప్పించింది. వానలు పడేలోగా కప్పు ఎండితే కుండీలు ఉంటాయి, లేకుంటే దిగుతాయి. ఆ రోజు నుంచి మా వదినకు తిండి, నిద్ర లేవు. రబ్బరు గొట్టం చుట్టి మూల పడేసి, చెంబుతో కొలిచి పోయడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పట్టేశాయి. దుకాణాలు తెరిచి లేవు. అందుకని ఇంట్లో ఉన్నవాటితోనే ఉపాయాలు వెతికింది. డబ్బాలో నీళ్ళు పెట్టి, మిల్లు నుంచి ఎప్పుడో తెచ్చిన పాలిస్టర్ దారాన్ని వత్తిలాగా డబ్బాలోంచి మట్టిలోకి వేసింది. నీళ్ళు సరిగ్గా ఎక్కలేదు. "సూరత్ దారానికి దాహమే లేదు" అని నవ్వింది. అన్న పాత నూలు లుంగీ చింపి పేలికలతో వత్తులు చేసింది. అవి తాగాయి, తాగుతూనే ఉన్నాయి. బచ్చలి విరగబడి పెరిగింది, కలబంద కుళ్ళింది. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క దాహమని, అందరికీ ఒకే కొలత పెట్టడం అన్యాయమని అప్పుడు తేల్చుకుంది.

దుకాణాలు తెరిచీ తెరవగానే డ్రిప్పు సామాను తెప్పించింది. డ్రమ్ము నుంచి ఒక పైపు, దాని నుంచి సన్నని గొట్టాలు, ఒక్కో కుండీకి చుక్కలు కార్చే డ్రిప్పరు. ఇక బాధ తీరిందనుకున్నాం. డ్రమ్ము దగ్గరి కుండీలు తడిసి ముద్దవుతుంటే చివరి వరుస గొంతు తడవలేదు. మర్నాడు అన్న చాయ్ తాగుదామంటే ఇంట్లో ఒక్క గ్లాసు లేదు. స్టీలు గ్లాసులన్నీ డాబా మీద, ఒక్కో డ్రిప్పరు కింద ఒకటి! ఏ గ్లాసు ఎంత నిండుతుందో వంగి వంగి చూస్తోంది వదిన. "నాకు చాయ్ దేంట్ల పోస్తవే?" అని అన్న కేకేస్తే, "చెంబుల తాగు, గివి పరీక్షల ఉన్నయ్" అన్నది. ఆ గ్లాసులను చూసే డ్రమ్మును ఇటుకల మీద ఎత్తు చేసింది, నీళ్ళ ఒత్తిడి అంతటా సమంగా ఉండాలని పైపు చివర తిప్పి తెచ్చి మళ్ళీ మొదటికే కలిపింది. ఎక్కువ తాగే బీర, బచ్చలి ఒక వరుస, తక్కువ తాగేవి ఇంకో వరుస. దేని కుళాయి దానికే. డ్రమ్ము మూతి దగ్గర పాత చీర గుడ్డ కట్టింది నలుసులు రాకుండా. ఈ ఊరి ఉప్పనీళ్ళకు డ్రిప్పర్లు తెల్లగా పూడుకుపోతే వెనిగర్‌లో నానబెట్టింది. కుండీల మీద ఎండుటాకులు కప్పింది. ఇన్ని చేశాక గ్లాసులన్నీ ఇంచుమించు సమంగా నిండాయి. ఆ రోజు ఆమె ముఖం చూడాలి!

అన్న మురిసిపోయి, వేళకు తానే తెరుచుకుని తానే మూసుకునే గడియారపు కుళాయి కొనిస్తానన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "మొక్కకు దప్పికైందని గడియారానికెట్ల తెలుస్తది?" అన్నది. పొద్దు పొడవకముందే పైకెక్కి, మట్టిలో వేలు గుచ్చి, లోపల తడి ఉంటే కుళాయి ముట్టకుండా దిగివచ్చేది. "నీళ్ళు పోసుడు ఎవలకైన వస్తది. పొయ్యకుంట ఉండుడే కష్టం" అని ఆమె అనేది. నాలాంటి తొందరపాటు మనిషికి ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

వానలు రానే వచ్చాయి. తొలి జల్లుకు ముందు హంసాబెన్ నిచ్చెనెక్కి కప్పును అరచేత్తో తడిమింది. పొడిగా ఉంది. "సూకుం ఛే!" అని పైనుంచే అరిచింది. ఎండిందని చెప్పడమే అది. వదిన రెండు చేతులూ జోడించింది. సొసైటీ వాళ్ళు మాత్రం మెలిక వదలలేదు. వచ్చే వేసవి గడిచాక మళ్ళీ చూస్తామన్నారు. వదిన ఏడాదంతా ఆ వేసవి కోసమే తయారైంది. "ఈసారి ఇంకా తక్కువ నీళ్ళతోని చూపిస్త" అని పంతం పట్టింది.

ఆ వేసవి వచ్చింది, దానితోబాటు మహమ్మారి రెండోసారి వచ్చింది. వదినకు జ్వరం తగిలింది. మంచం దొరికే దాకా అన్న పడిన పాట్లు రాయలేను. ఆసుపత్రికి పోతూ పోతూ కుళాయిల పెత్తనం నాకిచ్చింది. ఆసుపత్రి నుంచి రోజూ ఫోన్ వచ్చేది. నేను "ఆయాసమెట్లున్నది వదినా?" అంటే, "గది డాక్టర్ జూస్తున్నడు. నువ్వు వేలు పెట్టి జూసినవా?" అనేది. ఒకసారి చిక్కుడు ఆకు పసుపు పచ్చగా అయిందని చెప్పాను. "కింది ఆకా, మీది ఆకా?" అన్నది. నాకు కోపమొచ్చింది. "నీ పాణం సంగతి చూస్కోరాదు!" అని కసిరాను. ఆయాసపడుతూనే నవ్వి, "పోయి జూసి చెప్పు" అన్నది. చూసి చెప్పాను. కింది ఆకు. "గట్లయితె ఫికర్ లేదు, ముసలిదై రాలుతున్నది" అన్నది. ఆ తరువాత ఆమె గొంతు నేను వినలేదు.

దినాలు కాకముందే సొసైటీ వాళ్ళు వచ్చారు. వాళ్ళను తప్పుపట్టను, దయగానే మాట్లాడారు. చూసేవాళ్ళు లేరు కదా, కుండీలు దింపించేద్దామా అన్నారు. హంసాబెన్ కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసింది. "ఎవడు ముడతడో ముట్టుమను!" అని లేచాను. వాళ్ళకు తెలుగు రాదు గానీ సంగతి అర్థమైంది. "అయితే ఎవరు చూస్తారు?" అన్నారు. "నేను" అన్నాను. ఏం తెలుసని అన్నానో నాకే తెలియదు.

మర్నాడు తెల్లవారక ముందే పైకి వెళ్ళాను. బీర తీగ తల వాల్చి ఉంది. వేలు పెట్టి చూశాను, తడి ఉంది. డ్రిప్పరు చూశాను, పూడుకోలేదు. ఎండ ఇంకా రాలేదు. ఆకులు తిప్పి చూశాను, పురుగు లేదు. ఎప్పటిలాగే చేయి ఫోన్ మీదికి పోయి ఆమె నంబరు నొక్కింది. అన్న తీశాడు. ఏం చెప్పాలో తెలియక, "బీర తీగ వాడింది అన్నా" అన్నాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పైకి వచ్చాడు. కుండీ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "నాకు తెల్వదు సరోజా" అని పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

ఈ ఊళ్ళో తోటలు పెంచేవాళ్ళకు కరువు లేదు. పైపులు అమ్మేవాళ్ళకు అంతకన్నా లేదు. తన తప్పు బయటపడినా సరే, నిజం తెలిస్తే చాలునని సంబరపడే మనిషిని మాత్రం నేను ఇంకెక్కడ వెతకను? ఆ మహనీయురాలికి, ఆమె ఆడబిడ్డను కావడం అదృష్టమని ఇంత ఆలస్యంగా చెప్పుకుంటున్న నేను, ఆ కుండీ ముందే చేతులు జోడించాను. మట్టి తడిగానే ఉంది వదినా. మరి ఎందుకు వాడింది?