మరూలా నూనె, సత్తెమ్మ గారి ముఖం

కరోనా తర్వాత షూటింగులు మళ్లీ గాడిలో పడుతున్న రోజుల్లో, ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియోలో తీస్తున్న సినిమాకు నన్ను మేకప్ చీఫ్‌గా పెట్టుకున్నారు. అసిస్టెంట్లు బేస్ వేస్తారు, షాట్ల మధ్య టచప్ చూస్తారు. ఏ ముఖానికి ఏమైనా జవాబు చెప్పాల్సింది మాత్రం చీఫే.

అందులో తొంభై ఏళ్ల అవ్వ పాత్ర సత్తెమ్మ గారిది. ఆమెకు యాభై దాటి కొన్నేళ్లే. షేక్‌పేటలో ఇంటి పై గది కిరాయికిచ్చుకుని, గుంపులో నిలబడే వేషాలు వేస్తూ వచ్చిన మనిషి. కథను నడిపించే పాత్ర దొరకడం అదే మొదలు.

ముడతల కోసం మేం రబ్బరు పాలు, అంటే లేటెక్స్, వాడతాం. చర్మాన్ని సాగదీసి పట్టుకుని, స్పాంజితో అద్ది, ఆరాక వదిలితే ముడత పడుతుంది. అలా పొర మీద పొర. వేయడానికి కాల్‌షీట్‌లో సమయం ఉంటుంది, తీయడానికి ఉండదు. ప్యాకప్ చెప్పగానే యూనిట్ వ్యాన్ హారన్ మోగుతుంది.

ఒక ఉదయం ముఖం తుడవబోతే ఆమె చటుక్కున తల వెనక్కి తీసుకున్నారు. పౌడరు కింద, దవడ వెంబడి చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. వ్యాన్‌లో కూర్చుని లేటెక్స్ తనే పీకేసుకుంటున్నానని చెప్పారు.

“ముందే చెప్పాల్సింది కదమ్మా” అన్నాను.

“చెప్తే తీసేస్తరు సార్. నా అసొంటోళ్లు యూసుఫ్‌గూడల మస్తుమంది ఉన్నరు.”

ఆమె భయం ఉత్తది కాదు. ప్రొడక్షన్ మేనేజర్ విన్న వెంటనే, “అయింది నాలుగు సీన్లేగా అండీ, వేరే ఆవిడతో మళ్లీ తీసేద్దాం” అన్నారు. డాక్టరు చూసేదాకా ఆగమని డైరెక్టర్‌ను ఒప్పించాను. జూబ్లీహిల్స్‌లోని చర్మవైద్యురాలు పరీక్ష చేయించి, లేటెక్స్ ఆమెకు పడుతుందనీ, పీకడం వల్లే ఇలా అయిందనీ తేల్చారు. పుండు మానేదాకా ఏదీ వేయవద్దన్నారు. ఆమె లేని సీన్లు ముందుకు జరిపారు. ఆమె మాత్రం పాత్ర పోయినట్టేనని అనుకున్నారు.

ఆ మధ్యలో ఆమెను చూడడానికి షేక్‌పేట వెళ్లాను. పై గదిలో కిరాయికి ఉన్న హిల్మా కూడా అక్కడే ఉంది. నమీబియా అమ్మాయి, ఇక్కడ ఫార్మసీ చదువుతోంది. సత్తెమ్మ గారితో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టుకుంది. వాళ్లమ్మ పంపిన చిన్న సీసా నా చేతిలో పెట్టింది. మరూలా అనే పండు గింజల నూనె.

“మా అమ్మమ్మ చిన్నపిల్లలకు స్నానం అయినంక రాస్తది. మందు కాదు సార్. నూనె” అంది.

పండు పసుపుపచ్చగా, రేగ్గాయ కంటే ఇంకాస్త పెద్దగా ఉంటుందట. ఆడవాళ్లు ఒకచోట చేరి గట్టి టెంకలు పగలగొట్టి, పప్పు దంచి, వేడినీళ్లు చిలకరించి పిసికి నూనె తీస్తారట. కోడికూరలో కూడా పోస్తారట.

సత్తెమ్మ గారు సీసా వాసన చూశారు. “మా అడవిల మొర్రిపండ్లుంటుండె. గింజ కొడితే సారపప్పు. గిది గూడ గట్లనే ఉన్నది” అన్నారు. తర్వాత చదివితే తెలిసింది, మామిడి, మొర్రి, మరూలా మూడూ ఒకే కుటుంబం చెట్లు.

తెలియని వస్తువును నటి ముఖానికి నేరుగా రాయకూడదు. పుండు మానాక, డాక్టరు అనుమతితో మోచేతి మడతలో రాసి చూశాం. ఏమీ కాలేదు. మేకప్‌కు ముందు నూనె పనికిరాదు, లేటెక్స్ నిలవదు. కాబట్టి తీసేటప్పుడు వాడాం. అరచేతిలో వెచ్చబెట్టి, అంచుల కింద దూదిపుల్లతో ఎక్కించి ఆగితే, పొర దానంతట అదే వదిలేది. తొందరపడితే ఆ నూనె కూడా పనిచేయదు. గంట పట్టేది.

ఆ గంట కోసమే గొడవ. వ్యాన్ ఆగదని మేనేజర్ అన్నారు. అయితే ఆమె సీన్లు గంట ముందే ముగించాలని, లేకపోతే నేను బ్రష్ పట్టనని చెప్పాను. రెండు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు డైరెక్టరే కాల్‌షీట్‌లో ఆ గంట రాయించారు.

నూనె మధ్యలో అయిపోతే బంజారా హిల్స్‌లో అదే పేరున్న ఖరీదైన సీసా కొన్నాను. అందులో సెంటు కలిపారు. మోచేతి మీద దద్దురు లేచింది, పక్కన పెట్టేశాం. హిల్మా వాళ్లమ్మ మరో సీసా పంపేదాకా మామూలు కొబ్బరినూనెతో, ఇంకాస్త ఓపికతో నెట్టుకొచ్చాం. అదీ పనిచేసింది.

సత్తెమ్మ గారు పాత్ర పూర్తి చేశారు. డబ్బింగ్ రోజున హిల్మాను వెంట తీసుకొచ్చి, “నా బిడ్డ” అని అందరికీ చెప్పారు.

ఆ తర్వాత ఒప్పుకున్న ప్రతి సినిమాకూ తీసే సమయం ముందే మాట్లాడుకున్నాను. ఒకరిద్దరు నిర్మాతలు వేరే చీఫ్‌ను చూసుకున్నారు. ముఖాన్ని తీసుకున్నది తీసుకున్నట్టు మనిషికి తిరిగి అప్పగించేదాకా మేకప్ పని పూర్తి కాదని ఆ సినిమాతో నాకు తెలిసింది.