పుత్తూరు కట్టుకు టోకెన్

గత వేసవిలో వడమాలపేటలోని మా ఇంటి మెట్ల మీద జారిపడి నాయన మణికట్టు విరిగింది. పుత్తూరులో కట్టు కట్టించాలని ఫోన్‌లో వెతికి, దొరికిన నంబరుకు చేశాను.

"పెద్దాయన మూలుగు నాకే వినిపిస్తోంది సార్. టోకెన్‌కు ఐదు రూపాయలే. పంపిన లింకు నొక్కి త్వరగా పిన్ కొట్టండి," అన్నాడు స్పీకర్‌లో అవతలివాడు.

పిన్‌లో మూడంకెలు కొట్టాను.

"పుత్తూరు కట్టుకు టోకెనేందిరా? పోయి వరసలో కూసునేదే గదా," అన్నాడు నాయన.

అప్పుడు తెరను సరిగా చూశాను. ఐదు పక్కన నాలుగు సున్నాలున్నాయి. వెంటనే రద్దు చేశాను.

సబ్‌స్టేషన్‌లో ఇరవై ఏళ్లుగా మీటర్లు చూస్తున్న ఇంజనీరును. పిన్ కొట్టేముందు ఆ అంకె చదవలేదు. అందుకు నా మీద నాకు కోపమే. కాని తండ్రి నొప్పిని విని, దానితోనే కొడుకును తొందరపెట్టిన ఆ నీచుడిని మాత్రం ఈ జన్మలో క్షమించను.