ఆయన చూపించిన అడవి

ఆమెది దర్జీ పని. గుడ్డను నలిపి చూసి, వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, అంచు లాగి చూస్తేగానీ డబ్బు తీయదు. జీపు మాట్లాడేటప్పుడూ అంతే. ఆ కొండ ఊళ్లో అడవి చూపించే కౌంటర్లు మూడున్నాయి. భర్తను బెంచీ మీద కూర్చోబెట్టి, మూడుచోట్లా ఒకటే అడిగింది: దారిలో ఆపి దింపుతారా, ఊరికే తిప్పి తెచ్చేస్తారా?

మొదటివాళ్లు భోజనం, ఫోటోలు, టోపీ కూడా ఇస్తారట, దిగనివ్వరు మాత్రం. రెండోవాళ్లు అందరికంటే చవక, కానీ మనుషుల్ని బస్తాల్లా కుక్కుతున్నారు. మూడోవాళ్లది మధ్యరకం ధర. పాత రాళ్లదారిలోనే వెళ్తారు, వాగు దగ్గర తీరిగ్గా దింపుతారు. ఆమె అక్కడే రెండు సీట్లు తీసుకుంది.

కుదుపులకు నాన్న నడుము పట్టేస్తే ఎవరు చూస్తారని కూతురు ఫోనులో గొడవపెట్టింది. ఆమె వినలేదు. పెళ్లికి ముందునుంచీ జుట్టు నెరిసేదాకా ఆయన ఆ దారిలోనే గైడుగా తిరిగాడు. మతిమరుపు జబ్బు ముదిరాక ఆ ఊళ్లో అద్దె ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆయనకు భార్య ఎవరో తెలియదు. అన్నం పెడితే, మీకెందుకండీ శ్రమ అంటాడు. బాగా తెలిసిన చోట్లు చూస్తే ఒక్కోసారి పాతవి కదులుతాయని, మాట మాత్రం ఇవ్వలేనని డాక్టరు అన్నాడు. ఆ ‘ఒక్కోసారి’ని పట్టుకుని ఆమె బయల్దేరింది. ఒక్కసారి ‘ఏమోయ్’ అని పిలిస్తే చాలు.

జీపు తారురోడ్డు వదిలి రాళ్లలోకి దిగగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. చేయి దానంతటదే పైకమ్మీని పట్టుకుంది.

"తలలు లోపల పెట్టుకోండి. కొమ్మకు కళ్లుండవు," అన్నాడు.

వెనకవాళ్లు నవ్వారు. ఇక ఆయన ఆగలేదు. చెట్టు మీద ఎలుగుబంటి గోళ్ల గీతలు, జింకలు నీళ్లకు దిగే రేవు, దేన్నీ వదల్లేదు. డ్రైవరు కొత్తవాడు. తను చెప్పాల్సింది మానేసి, ఆయన వేలు చూపిన చోటల్లా బ్రేకు వేశాడు. ఆమెకు ఆశ పుట్టింది. ఆ ఆశను చూసే భయం కూడా వేసింది.

వాగు దగ్గర అందరూ దిగి ఆయన చుట్టూ చేరారు.

"ఇక్కడికొస్తే మా ఆవిడ సంగతి చెప్పాల్సిందే," అన్నాడు. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఈ అడవిని సవతి అంటుందండీ. సవతిని చూడ్డానికి నేనెందుకు వస్తానంటుంది."

అందరూ గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు.

"తప్పు నాదే. సీటు ఖాళీ ఉన్నరోజు తీసుకొస్తానన్నా. నా జీపులో సీటు ఎప్పుడు ఖాళీ ఉంది కనుక. తను కుట్టిన చొక్కాలే నాతో తిరిగాయి. వచ్చే సీజనులో తీసుకొచ్చి ఈ నీళ్లు చూపించాలి."

పరాయివాళ్ల దగ్గర ఆయన భార్య గురించి ఏం చెప్పేవాడో ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఇప్పుడు పరాయిదై వింది.

ఒడ్డున రాయి మీద ఆమె జారబోతే ఆయనే చేయందించాడు. "మెల్లగా అమ్మగారూ. ఒక్కరే వచ్చారా?"

మీ ఆవిడను నేనేనండీ అని నోటిదాకా వచ్చింది. అలా చెప్పినప్పుడల్లా ఆ మొహం ఎలా బెదిరిపోతుందో ఆమెకు తెలుసు.

"మా ఆయనతో వచ్చానండీ."

"మరి ఆయన్నీ పిలవండి. నీళ్లు చల్లగా ఉన్నాయి."

తిరిగొచ్చాక ఆయన ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టి, తర్వాత ఎక్కేవాళ్ల కోసం జీపు పక్కనే నిలబడిపోయాడు. రమ్మంటే డ్యూటీలో ఉన్నానన్నాడు. చివరికి ఆమె, లాడ్జికి దారి తెలియడం లేదు, కాస్త దింపుతారా అని బతిమాలింది. దారి తప్పినవాళ్లను వదిలేయడం ఆయనకు చేతకాదు. ఇక్కడ మెట్టుంది, అక్కడ గొయ్యుంది అంటూ ముందు నడిచాడు.

గది తలుపు దగ్గర సెలవు తీసుకున్నాడు. "వస్తానమ్మా. మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

ఆమె తాళం తీసి తలుపు బార్లా తెరిచింది. "ఆవిడ ఇక్కడికే వస్తానందండీ."

ఆయన చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుని, గుమ్మం వైపు చూస్తూ అడిగాడు.

"ఎప్పుడొస్తానంది?"