వాగుకు ఇవతలి గది

జోజమ్మకు పంతొమ్మిదేళ్లు నిండిన ఏడాది, ఆమె తండ్రి ఊపిరితిత్తులు ఇక గనిలో దిగడానికి పనికిరావని వైద్యులు తేల్చిచెప్పారు. బొగ్గు కుటుంబాలలో అటువంటి రోజున ఏడుపు ఒకవైపు, ఆలోచన ఒకవైపు సాగుతాయి. తండ్రి దిగిపోయిన పనిలోకి పిల్లలలో ఒకరు ఎక్కవచ్చు. ఆ ఇంట్లో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో పూర్తిచేసినది జోజమ్మ. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు ఆమె తమ్ముడు ఆంథోని. కాగితం ఆంథోని పేరు మీదనే కదిలింది. "నేను చెయ్యనా సార్?" అని ఆమె ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అడిగినప్పుడు లోపలి గుమాస్తా కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు.

"గీ పనికి ఆడపిల్లలను తీసుకోరు బిడ్డా. నీకేంది, రేపు పెండ్లయితే ఎవరింటికో పోతవ్."

ఎవరింటికో పోవడమూ జరిగింది. చర్లలో ఒక బడిలో పనిచేసే శాంతికుమార్‌ను పెళ్లాడి, అడవి అంచున కాపురం పెట్టింది. కూతురు దీవెనకు నాలుగేళ్ల వయసులో అతడు జ్వరంతో పోయాడు. ఆ మరుసటి సంవత్సరమే 'సమభాగ' అనే స్త్రీ హక్కుల సంస్థలో ఆమె గ్రామ కార్యకర్తగా చేరింది. విదేశాల నుంచి నిధులు వచ్చే సంస్థ అది. భద్రాచలంలో జరిగిన మొదటి శిక్షణలో ఎవరో ఒకావిడ నల్లబల్ల మీద "అడగడం స్త్రీ హక్కు" అని రాసింది. ఆ అక్షరాలను చూస్తూ జోజమ్మ కూర్చోలేకపోయింది. స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి విప్పి, ఎవరికీ వినబడకుండా ఏడ్చి వచ్చింది.

ఇది జరిగి పద్నాలుగేళ్లు. ఈ పద్నాలుగేళ్లలో ఆమె ఎక్కని షేర్ ఆటో లేదు, సంచి విప్పి చూపించని పోలీసు క్యాంపు లేదు. ఎర్రగుంట అనే కోయగూడెం ఆమె వంతుకు వచ్చిన ఊళ్లలో ఆఖరిది. తారు రోడ్డు ఆగినచోట వాగు, వాగు దాటాక నాలుగు కిలోమీటర్ల కాలిబాట. అక్కడ ఐతమ్మ అనే ఆమె జోజమ్మకు కోయభాష నేర్పింది. తునికాకు కోసే రోజులలో ఇద్దరూ నీడన కూర్చుని ఆకులు కట్టలు కడుతూ ఉండేవారు. జోజమ్మ ఒక మాట తప్పుగా పలికితే ఐతమ్మ ఆ కట్టను విప్పి పక్కన పడేసేది. సరిగా పలికితేనే మళ్లీ కట్టేది. "నీకు మాటలు నేర్పుతుంటే నా ఆకు ఎండిపోతుంది చెల్లె" అని దెప్పేది. ఎండిపోయినా నేర్పడం మానలేదు.

ఎర్రగుంట ఆడవాళ్లందరికీ తెలుగు వచ్చు. చర్ల సంతలో బేరమాడేది తెలుగులోనే. అయితే పైనుంచి వచ్చేవారి ముందు సొంత భాషలో మాట్లాడితే విలువ ఎక్కువని జోజమ్మ గమనించింది. కనుక అతిథులు వచ్చినప్పుడు కోయలోనే మాట్లాడమని ఆమే వారికి నేర్పింది. సమావేశానికి ఏడు నియమాలు కూడా నేర్పింది. వాటిలో మొదటిది: ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డుపడరాదు.

ఆ సమావేశాలలోనే ఐతమ్మ గది మాట ఎత్తింది. వానాకాలంలో వాగు పొంగితే గూడెం అవతలే ఉండిపోతుంది. నొప్పులు వచ్చినవారిని మంచానికి తాళ్లు కట్టి, కర్రకు వేలాడదీసి, నలుగురు మోసుకువచ్చినా వాగు ఒడ్డున కూలబడవలసిందే. వాగుకు ఇవతల, రోడ్డు పక్కన ఒక గది ఉంటే నెలలు నిండినవారు వానలకు ముందే వచ్చి అందులో ఉంటారు. ఇంత తేటగా అడిగిన కోరికను జోజమ్మ తన పద్నాలుగేళ్లలో వినలేదు. తెలుగులో ముత్యాలవంటి అక్షరాలతో రాసి పంపింది.

గది వచ్చింది. వాగుకు ఇవతలే, రోడ్డు పక్కనే వచ్చింది. అయితే ఆ మూడేళ్లకు నిధులిచ్చేవారు పెట్టుకున్న అంశం జీవనోపాధి. ఖమ్మం ఆఫీసులో కాగితం ఇంగ్లీషులోకి మారేటప్పుడు గది అలాగే ఉండి, పని మారిపోయింది. లోపల నాలుగు కుట్టుమిషన్లు దిగాయి. సంతలో చీరలూ లుంగీలూ కొనుక్కునే ఎర్రగుంటలో ఎవరు కుడతారు, ఎవరికి కుడతారు అని అడిగినవారు లేరు. మిషన్లు పోతాయేమోనని తలుపుకు తాళం వేశారు. తాళంచెవులు రెండూ చర్ల ఆఫీసులో, కో-ఆర్డినేటర్ శివకుమార్ కుర్చీ వెనుక మేకుకు వేలాడాయి.

నిరుడు జూన్ మొదటి వారంలో నిధులిచ్చే సంస్థ నుంచి ఒక విదేశీ మహిళ గదిని చూడటానికి వస్తున్నదని కబురు వచ్చింది. శివకుమార్‌ది ఖమ్మంలోని ఖానాపురం హవేలి అనే పేట. వయసులో జోజమ్మ కన్న పదేళ్లు చిన్న. మామూలు రోజులలో "జోజమ్మా" అని పిలుస్తాడు. అవసరం పడితే చివర "గారు" చేరుతుంది.

"జోజమ్మగారూ, ఆమెతోని హైదరాబాద్ నుంచి సునంద మేడం వస్తున్నది. ఆమె మనం చెప్పిన తెలుగును ఉన్నదున్నట్టు ఇంగ్లీష్‌ల చెప్తది. ఒక్క అక్షరం మార్చదు, అర్థమైందా? అందుకని తెలుగుల ఏం పోవాల్నో మీరే జర చూసుకోవాలె."

"ఏం చూసుకోవాలె సార్?"

"మిషన్లు నడుస్తున్నయా అంటే నడుస్తున్నయి. అంతే. గది ఖాళీగ ఉన్నదని తెలిస్తే సెప్టెంబర్‌ల ప్రాజెక్ట్ ఆగిపోతది. పదకొండు మంది ఇంటికి పోతం. మీ దీవెన నర్సింగ్ ఇంకా రెండేండ్లు ఉన్నది గద?"

"మరి ఐతమ్మ కోడలికి నెలలు నిండుతున్నయి సార్. వానలకు ముందు ఒక్కసారి తాళం..."

"అది మన అంశం కాదమ్మా. రేపటిదాక ఆగుండ్రి. ప్రాజెక్ట్ ఉంటే గద తాళమైనా, తలుపైనా."

ఆ మాటలో నిజం లేకపోలేదు. సగం నిజమైన మాటకు లొంగినంత తేలికగా మనిషి అబద్ధానికి లొంగడు. ఆ రాత్రి జోజమ్మ తన మనస్సుకు చెప్పుకొన్నది ఒక్కటే: ఈ ఒక్కరోజు గడవనీ, తరువాత తాళం నేనే తెస్తాను.

మరునాడు మిషన్ల మీది దుమ్ము తుడిచి, ఒక్కొక్కదాని ముందు ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు. వచ్చిన విదేశీ మహిళ మంచి మనిషి. గూడెం ఆడవాళ్లు ఆమెను 'తెల్లమ్మ' అన్నారు. కుర్చీ వద్దని అందరితోపాటు చాప మీద కూర్చుంది. ఎదురుగా వాళ్లు చెప్పేది ఆమెకు నిజంగానే వినాలని ఉంది. జోజమ్మకు అన్నిటికన్న కష్టమైనది అదే.

ఐతమ్మ లేచి నిలబడింది. కోయలో మాట్లాడింది. తొణకలేదు.

"మీరు ఇల్లు కట్టిచ్చారు, మంచిదే. ఈ మిషన్ల మీద ఇవాళే చెయ్యి పెట్టాం. మాకు వీటితో పనిలేదు. రేపు వానలు పడతాయి. వాగు వస్తే మేము అవతలే చిక్కిపోతాం. నెలలు నిండినవాళ్లను ఈ ఇంట్లో పడుకోనివ్వండి. తాళంచెవి మా చేతికివ్వండి. ఇదిగో, నా కోడలు రాజ్యశ్రీ. దీనికి ఎనిమిదో నెల."

ఆశ్రమ పాఠశాలలో టీచరు పెట్టిన పేరు రాజ్యశ్రీ. పదో తరగతి చదివిన పిల్ల. అత్త తన పొట్ట వైపు చెయ్యి చూపగానే సిగ్గుపడి పైట సర్దుకుంది.

సునంద జోజమ్మ వైపు తిరిగి, కలం సిద్ధంగా పట్టుకుంది. "చెప్పండి, ఏమంటున్నారు?"

గది గోడకు ఆనుకుని శివకుమార్ నిలబడి ఉన్నాడు. చాప మీద పన్నెండుమంది ఆడవాళ్లు ఉన్నారు. వారిలో తెలుగు రానివారు ఒక్కరూ లేరు. ఇది జోజమ్మకు తెలుసు.

"ఇల్లు కట్టించినందుకు సంతోషమంటున్నది మేడం. కుట్టుపని ఇంకా బాగ నేర్చుకోవాల్నంటున్నది. కోడలికి ఎనిమిదో నెలంట. ఇంట్లకు మనుమడు వస్తున్నడని చెప్తున్నది."

సునంద దానిని ఒక్క అక్షరం మార్చకుండా ఇంగ్లీషులో చెప్పింది. తెల్లమ్మ ముఖం విప్పారింది. లేచివెళ్లి రాజ్యశ్రీ రెండు చేతులూ పట్టుకుంది. ఫోటో తీశారు. చాప మీద ఎవరూ నోరు విప్పలేదు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డుపడరాదని నేర్పినదీ జోజమ్మే. ఐతమ్మ ఒక్క క్షణం నిలబడే ఉంది, ఇంకా ఏదో వస్తుందన్నట్టు. తరువాత కూర్చుంది.

తెల్లమ్మ వెళ్లిపోయిన మూడో రోజున జోజమ్మ తాళంచెవి అడిగింది. నివేదిక వెళ్లనివ్వమన్నాడు శివకుమార్. నివేదిక వెళ్లాక, ఫోటోలు వెళ్లనివ్వమన్నాడు. ఆమె నాలుగుసార్లు అడిగింది. ఐదోసారి అడగలేదు. కుర్చీ వెనుక మేకు ఆమె చేతికి అందేటంత ఎత్తులోనే ఉంది. పద్నాలుగేళ్లపాటు ఆడవాళ్లకు అడగడం నేర్పిన మనిషికి, అడగకుండా తీసుకోవడం ఒకటుంటుందని తోచలేదు.

జూలై రెండో వారంలో వాగు వచ్చింది. మూడు రోజులు దిగలేదు. రెండో రోజు తెల్లవారుతూనే రాజ్యశ్రీకి నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త జంపయ్యా, మరి ముగ్గురూ మంచం కట్టి ఒడ్డుకు తెచ్చారు. ఇవతలి ఒడ్డున, మూడువందల గజాల దూరంలో, ఆ గది కనబడుతూనే ఉంది. తాటాకులు అడ్డం పట్టుకుని మధ్యాహ్నందాకా నీరు తగ్గడానికి చూశారు. తగ్గలేదు. బిడ్డ ఆ ఒడ్డునే పుట్టాడు, ఏడవలేదు. మరునాడు వాగు దిగాక రాజ్యశ్రీని భద్రాచలం దవాఖానాకు చేర్చారు. మూడు సీసాల రక్తం ఎక్కించాక ఆమె బతికింది.

జోజమ్మ దవాఖానాకు వెళ్లింది. ఐతమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. కోపగించలేదు, తిట్టలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. తిట్టి ఉంటే జోజమ్మ కూర్చోగలిగేదేమో. నిలబడి, తెచ్చిన బత్తాయిలు కిటికీలో పెట్టి, వచ్చేసింది.

సెప్టెంబరులో ప్రాజెక్టు ఆగలేదు. ఇంకో మూడేళ్లు పొడిగించారు. పైగా అంశం మారింది. శివకుమార్ స్వయంగా ఆఫీసు వాకిట్లోకి వచ్చి ఆమెను పిలిచాడు.

"జోజమ్మగారూ, స్వీట్ తినిపియ్యాలె మీరు! ఇప్పటి అంశం సురక్షిత మాతృత్వం. ఆ గదినే గర్భిణుల గది చేస్తున్నం. మిషన్లు పోయి మంచాలొస్తయి. నాలుగు మండలాలకు మిమ్మల్నే కో-ఆర్డినేటర్‌గ పెడుతున్నరు, పర్మినెంట్. ఆర్డర్ నా టేబుల్ మీదనే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ."

ఆ వెంటనే అతడే అన్నాడు: "ప్రారంభానికి ఒక ఊరి మనిషి మాట్లాడాలె. ఐతమ్మ అయితే బాగుంటది. ఆమెకు... జరిగింది గద. వింటే ఎవరికైనా కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. మీరు పోయి ఒప్పియ్యిండ్రి. ఇగో, గది చూపెట్టనీకి ఒక తాళంచెవి గూడ తీస్కపోండ్రి."

జోజమ్మ వాగు దాటి నడిచింది. నీరు చీలమండల దాకా కూడా లేదు. ఐతమ్మ ఇంటి ముందు జొన్నలు చెరుగుతూ ఉంది. రాజ్యశ్రీ గోడకు ఆనుకుని, అత్త చెరిగిన గింజలలో రాళ్లు ఏరుతూ ఉంది. జోజమ్మ కోయలో మొదలుపెట్టింది. ఐతమ్మ చేట ఆపకుండా తెలుగులో జవాబిచ్చింది.

"తెలుగులనే చెప్పు. మళ్ల ఎవరో ఒకరు మార్చి చెప్పుడెందుకు."

జోజమ్మ చెప్పింది. మంచాల సంగతి, ప్రారంభం సంగతి, మాట్లాడమని అడగడానికి వచ్చిన సంగతి.

"నేనెందుకు? నేను చెప్పింది నువ్వు చెప్పకపోతివి."

"తప్పు చేసిన అక్కా. ఈసారి నువ్వు ఏం చెప్తే అదే చెప్త. ఒక్క మాట తక్కువ చెయ్య."

"ఇప్పుడెందుకు తక్కువ చేస్తవ్? వాళ్లకు ఇప్పుడు కావాల్సింది అదే గద." ఐతమ్మ చేటను ఒక్కసారి తట్టింది. పొట్టు గాలిలో లేచింది. "అప్పుడు కోడలు ఉన్నది, బిడ్డ కడుపుల ఉన్నడు, వాళ్లకు కుట్టుడు కావాలె. ఇప్పుడు బిడ్డ లేడు, బిడ్డ ముచ్చట కావాలె. నేను రాను."

రాజ్యశ్రీ తల ఎత్తలేదు. వేళ్లు మాత్రం రాళ్లను ఏరుతూనే ఉన్నాయి.

జోజమ్మ సంచిలోంచి తాళంచెవి తీసి చాపింది. ఐతమ్మ ఆ చేతి వైపు చూసింది కాని అందుకోలేదు. గడప మీద పెట్టమన్నట్టు గడ్డంతో చూపింది.

"ఇంకోటి ఉన్నది గద, ఆఫీసుల?"

"అవ్, ఉన్నది."

"అది గూడ తే. ఒక్కటి మా దగ్గర, ఒక్కటి వాళ్ల దగ్గరుంటే ఆ ఇల్లు వాళ్లదే. మా పోతమ్మ బిడ్డ కడుపుతోని ఉన్నది, ఏడో నెల. తెచ్చినంక కూసుందువు."

జోజమ్మ వచ్చిన దారినే తిరిగి నడిచింది. చర్ల చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. శివకుమార్ ఫోనులో ఉన్నాడు. ఆమె అతడి కుర్చీ వెనకకు వెళ్లి, మేకు మీది తాళంచెవిని తీసుకుంది. అతడు ఫోను చేతితో మూసి చూశాడు.

"ఏంది, ఆమె ఒప్పుకున్నదా?"

"లేదు సార్. రాదు."

"మరి అదెందుకు? ఆఫీసుల ఒకటి ఉండాలె. రూల్ అది." ఆమె కదలకపోవడంతో అతడి చూపు టేబుల్ మీద సంతకం కాని కాగితం మీదికి పోయి, తిరిగి ఆమె ముఖం మీదికి వచ్చింది. "ఆలోచించుకో జోజమ్మా. పెట్టెయ్ అక్కడ."

జోజమ్మ దానిని పిడికిట్లో పట్టుకుని మెట్లు దిగింది. వాగుదాకా వెళ్లే చివరి షేర్ ఆటో నిండితే తప్ప కదలదు. ఇంకా ముగ్గురు రావాలని డ్రైవరు చెప్పాడు. ఆమె ఎక్కి కూర్చుంది.